పాయింట్ 32 రివాల్వర్ ఎవరికి పనికొస్తుంది?

2014 జనవరిలో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్లు 'నిర్భీక్' అని పాయింట్ 32 కాలిబర్ (అంటే తూటా మందం, సుమారు 0.32 అంగుళం) రివాల్వర్ ఒకటి తెచ్చారు గుర్తుందా, ఆడవాళ్ల కోసమే అని, నిర్భయ ఘటన జరిగి అప్పటికి ఏడాది దాటింది అంతే. అరకిలో బరువు, టైటానియం కలిపిన లోహం, ఆరు రౌండ్లు, ధర లక్షా ఇరవై వేల పైమాటే, పైగా నగల పెట్టె లాంటి మెరూన్ పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు. హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేస్తుంది కాబట్టి ఇక భయం లేదన్నట్టు ప్రచారం నడిచింది. బ్యాగ్‌లోంచి చేతిలోకి ఎంతసేపట్లో వస్తుందని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు.

అసలు ఈ పాయింట్ 32 మన దగ్గర జనం ఏరికోరి ఎంచుకున్నదేం కాదు. 9 ఎంఎం, పాయింట్ 38, పాయింట్ 455 లాంటివి పోలీసులు, మిలిటరీ వాడే సైజులు, వాళ్ల తూటాలు బయటికి జారకూడదని మామూలు లైసెన్స్‌దారులకి వాటిని నిషేధించారు, 'ప్రొహిబిటెడ్ బోర్' అనేది అందుకే. దాంతో మామూలోడికి ప్రధానంగా మిగిలినవి పాయింట్ 32, పాయింట్ 22. ఈ 32 రివాల్వర్ తూటాకి ఉండే శక్తి సుమారుగా 150 నుంచి 175 జౌల్స్, 9 ఎంఎంకి 450 పైనే, అంటే మూడో వంతు. పొట్టి గొట్టం ఉన్న పాయింట్ 22 అయితే ఇంకా తక్కువ, పైగా దాంట్లో నిప్పంటించే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు పేలకుండా 'టిక్' మని ఊరుకుంటుంది.

మరి చిన్న తూటాతో మనిషి చావడా అంటే చస్తాడు, 1968లో అమెరికా నాయకుడు రాబర్ట్ కెనెడీ చనిపోయింది పాయింట్ 22 తోనే. కానీ చంపడం వేరు, ఆపడం వేరు, అందరూ పొరపడేది ఇక్కడే. 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్‌ మీద కాల్చింది కూడా పాయింట్ 22 రివాల్వర్‌తోనే, రెండు సెకన్లలోపే ఆరు గుళ్లూ ఖాళీ చేశాడు ఆ కాల్చినవాడు, ఒకటి కారుకి తగిలి రీగన్ చంక కింద నుంచి దూరి గుండెకి అంగుళం దూరంలో ఆగింది. డెబ్బై ఏళ్ల మనిషి, తనకి తూటా తగిలిందని కూడా మొదట తెలీలేదు, కార్లోకి తోసేటప్పుడు పక్కటెముక విరిగిందేమో అనుకున్నాడట, హాస్పిటల్లోకి తన కాళ్ల మీదే నడిచెళ్లాడు, లోపలికెళ్లాక కూలబడ్డాడు. ఇప్పుడు ఆయన స్థానంలో కత్తి పట్టుకుని మీదకొస్తున్న పాతికేళ్ల తాగుబోతుని ఊహించుకోండి, వాడు తర్వాత ఆపరేషన్ టేబుల్ మీద పోతాడా బతుకుతాడా అన్నది మీకు అనవసరం, ఈ నాలుగు సెకన్లలో ఆగాలి. చిన్న కాలిబర్ గ్యారంటీ ఇవ్వలేనిది అదే.

గన్ చూడగానే పారిపోయేవాళ్లూ ఉంటారు, నిజమే, అలాంటోడికి 32 అయినా 9 ఎంఎం అయినా ఒకటే. అయితే చూపించడానికైనా ముందు బయటికి తియ్యాలి కదా. కత్తి ఉన్నోడు 21 అడుగుల దూరం సుమారు సెకనున్నరలో దాటేస్తాడని 1983లోనే డెన్నిస్ టూలర్ అనే అమెరికన్ పోలీస్ రాశాడు, అదీ నడుముకి హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే తొడుగు) ఉండి రోజూ ప్రాక్టీస్ చేసే పోలీసుల గురించి మాట్లాడుతూ. జిప్ వేసిన బ్యాగ్‌లో ఫోన్, దువ్వెన, తాళాల గుత్తి మధ్య ఉన్న నిర్భీక్ సంగతి వేరే చెప్పాలా.

ఇంకోటి, తేలికగా ఉంటే ఆడవాళ్లకి సులువు అనుకోవడం తలకిందులు ఆలోచన. తేలికైన తుపాకీ కాల్చినప్పుడు చేతిలో ఎక్కువ ఎగురుతుంది, గురి తప్పిస్తుంది. అదే కాన్పూర్‌వాళ్ల పాత మార్క్ 3, 700 గ్రాముల దాకా ఉండే ఉక్కు రివాల్వర్, దాన్ని అరవై దాటినవాళ్లు కూడా కుదురుగా పట్టుకుని వరసగా రెండు మూడు కాల్చగలరు, వెనక్కి తన్నడం తక్కువ. 32కి ఉన్న అసలు ప్లస్ పాయింట్ అదొక్కటే, దాన్ని బరువు తగ్గించి మనమే పోగొట్టుకున్నాం. ప్రాక్టీస్ చేద్దామన్నా తూటాలకి కోటా, రేంజ్‌లు ఉన్నవి కొన్ని సిటీల్లోనే, లైసెన్స్ తీసుకున్నాక ఒక్కసారి కూడా కాల్చకుండా బీరువాలో పెట్టేసేవాళ్లు బోలెడుమంది ఉంటారు.

ఫ్యాక్షన్ భయం ఉన్నవాళ్లకైతే ఇది ఇంకా దూరం. సీమలో దాడి అంటే పది మంది, నాటుబాంబులు, వేటకొడవళ్లు, జేబులో ఆరు గుళ్లు పెట్టుకుని ఏం చేస్తాం? గన్‌మెన్ ఉన్న పరిటాల రవినే 2005లో అనంతపురం పార్టీ ఆఫీసులో కాల్చేశారు.

నా లెక్కలో ఈ తుపాకీ పనికొచ్చేది టైమ్ ఉన్నవాడికి. ఊరికి దూరంగా తోటలో ఇల్లు, రాత్రి కుక్క మొరిగింది, తలుపు గడియ వేసి ఉంది, పోలీసులకి ఫోన్ చేసి, గది మూలకి చేరి, గుమ్మం వైపు గురిపెట్టి కూర్చోగలిగే అవకాశం ఉంది. అక్కడ పదడుగుల దూరంలో బరువైన 32 సరిపోవచ్చు. అయినా గోడ దూకి పారిపోతున్నవాడి వెనక కాలిస్తే చట్టం మీ వైపు ఉండదు, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఇచ్చే హక్కు ప్రమాదం ఉన్నంతసేపే, అదీ అవసరమైనంత మేరకే. ఇక ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే ఆ తోటింటాయన కూడా చాలావరకు తన రివాల్వర్‌ని స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాల్సిందే, పల్లెల్లో గొడవలు ఎక్కువయ్యేది ఆ నెలల్లోనే అయినా సరే.