ముందు కాన్వెంట్ జంక్షన్‌లో సైకిల్‌కు దారి ఇవ్వండి

విశాఖవాసులు సైకిల్ ఎక్కాలన్న పిలుపులు ఈ మధ్య బాగా పెరిగాయి. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం వస్తే బీచ్ రోడ్డు మీద ర్యాలీ తీస్తారు. కేంద్ర క్రీడా శాఖ మొదలుపెట్టిన ఆదివారం సైకిల్ సవారీలు సరేసరి. ఆ పిలుపుతో నాకు పేచీ లేదు. అది ఎవరిని ఉద్దేశించి ఇస్తున్నారన్న దగ్గరే పేచీ. కారో బైకో ఉన్న మనిషిని దిగి రమ్మని బతిమాలుతున్నాం. ఎవరూ బతిమాలకుండా, ఎవరూ టీషర్టు ఇవ్వకుండా ఏళ్ల తరబడి రోజూ సైకిల్ మీదే పనికి వెళ్తున్న మనిషిని మాత్రం లెక్కలోకే తీసుకోవడం లేదు. ఈ ఊళ్లో సైకిల్ వాడకం పెరగాలంటే మొదలుపెట్టాల్సింది ఆయన దగ్గర. ఆయన భద్రంగా ఇల్లు చేరే రోడ్డు వేస్తే మిగతావారు ఏ పిలుపూ లేకుండానే వస్తారు. ఆయనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కుతుంటే, ఎన్ని ర్యాలీలు తీసినా కొత్తవారు రారు.

ఉదయం పూట కాన్వెంట్ జంక్షన్ దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. కంచరపాలెం నుంచీ జ్ఞానాపురం నుంచీ వచ్చే సైకిళ్లు అక్కడ పోర్టు వైపు మళ్లుతాయి. హ్యాండిల్‌కు అన్నం క్యారేజీ వేలాడుతుంటుంది. వెనక క్యారియర్ మీద పనిముట్ల సంచిని పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఉంటారు. బొగ్గు లారీ రాసుకుంటూ వెళ్లేటప్పుడు తొక్కే మనిషి హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, ఎడమ కాలు నేలకు ఆనించి, లారీ దాటేదాకా తల దించుకుని ఆగుతాడు. తారు అంచు దిగితే ఇసుక, గులకరాళ్లు. దిగకపోతే లారీ. ఆ అంచులోనే వాన నీటి కాలువ మీద ఇనుప ఊచల మూతలు ఉంటాయి. ఊచలు రోడ్డు పొడవునా ఉండేలా బిగించిన చోట సైకిల్ చక్రం సందులో దిగబడుతుంది. అదే మూతను అడ్డంగా తిప్పి బిగిస్తే ఏ ప్రమాదమూ ఉండదు. దానికి కన్సల్టెంటు నివేదిక అక్కర్లేదు, ఒక గడ్డపార, ఇద్దరు మనుషులు చాలు. అంత చిన్న పని కూడా జరగలేదంటే, రోడ్డు గీసినవారి మనసులో సైకిల్ చక్రం అనేది ఎన్నడూ లేదన్నమాట.

సైకిల్ తొక్కేవారు గుప్పెడు మందే కదా అనుకునేవారు 2011 జనాభా లెక్కలు చూడాలి. పనికి ఎలా వెళ్తారని ప్రజలను అడగడం అదే మొదటిసారి. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో దేశం మొత్తం మీద సుమారు 13 శాతం మంది సైకిల్ అన్నారు. కారు, జీపు, వ్యాను అన్నవారు 3 శాతం కూడా లేరు. అయినా ఫ్లైఓవర్లు ఎవరి కోసం లేచాయో కళ్లముందే ఉంది. పన్నుల్లోనూ ఇదే తీరు. 2019 ఆగస్టు నుంచి విద్యుత్ కారు మీద జీఎస్టీ 5 శాతం. సైకిల్ మీద 12 శాతం. పర్యావరణం పేరు చెప్పి లక్షల రూపాయల కారుకు రాయితీ ఇస్తూ, చుక్క ఇంధనం తాగని సైకిల్ మీద రెట్టింపుకు మించి పన్ను వసూలు చేశారు. దాన్ని 5 శాతానికి దించడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. ఆరేళ్లు! దీన్ని గురించి అడిగిన గొంతులు ఎన్నో వినపడలేదు, ఎందుకంటే సైకిల్ తొక్కేవారికి సంఘం లేదు, షోరూము లేదు, ప్రకటనల బడ్జెట్టు లేదు.

నిజానికి ఈ ఊరు సైకిల్ మీద పెరిగిన ఊరు. 1933లో పోర్టు, 1941లో సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత పరిశ్రమలకు భారీ పరికరాలు తయారుచేసే బీహెచ్‌పీవీ, ఉక్కు కర్మాగారం. షిఫ్టు సైరన్ మోగగానే గేట్ల ముందు సైకిళ్లు బారులు తీరిన రోజులు మల్కాపురం, శ్రీహరిపురం పెద్దలకు బాగా గుర్తు. జీతం పెరిగాక మొదట వదిలించుకున్నది సైకిల్‌నే. దాన్ని తప్పనను, ఎండలో పది కిలోమీటర్లు తొక్కిన మనిషికి మోటారు కావాలనిపించడం సహజం. కానీ ఆ క్రమంలో సైకిల్ అంటే లేమికి గుర్తన్న భావన బలపడింది. పిల్లనిచ్చే ముందు అబ్బాయికి బండి ఉందా అని అడిగే ఇళ్లు ఎన్నో. ఈ భావనను సినిమా తారల చేత సైకిల్ తొక్కించి పోగొట్టలేం. రోడ్డులో సైకిల్‌కు గౌరవమైన వాటా ఇచ్చినప్పుడే పోతుంది.

ఆడపిల్లల సంగతి చూడండి. బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివే అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు. మంచి పథకం. సొంత సైకిల్ మీద బడికి వెళ్లొచ్చిన అమ్మాయిలో వచ్చే ధైర్యం ఏ వ్యక్తిత్వ వికాస తరగతీ ఇవ్వలేదు. పదో తరగతి అయిపోగానే కాలేజీ హైవేకు అవతల పడుతుంది. "ఆ రోడ్డు మీద వద్దమ్మా" అంటారు ఇంట్లో. ఆ తల్లిదండ్రుల భయం న్యాయమైనది. దాంతో సైకిల్ మెట్ల కింద తుప్పు పడుతుంది, అమ్మాయి షేర్ ఆటోలో ఇరుక్కుంటుంది. ప్రభుత్వం సైకిల్ ఇచ్చింది గానీ దాన్ని తొక్కే దారి ఇవ్వలేదు.

విశాఖలో సైకిల్ కుదరదనేవారు చెప్పేవి మూడు: కొండలు, ఉక్కపోత, వాన. ఎండాడ, హనుమంతవాక ఎత్తులు నిజమే, మే నెల ఉక్క కూడా నిజమే. అయితే పాత నగరం, కంచరపాలెం, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, గాజువాక చాలావరకు చదునైన నేలే. ఎత్తుల కోసం చిన్న మోటారు సాయంతో నడిచే సైకిళ్లు వచ్చాయి. 250 వాట్ల లోపు శక్తి, 25 కిలోమీటర్ల వేగం దాటకపోతే వాటికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఎండ సంగతంటారా, వేసవిలో 40 డిగ్రీలు దాటే స్పెయిన్ నగరం సెవిల్ 2006-07లో సుమారు 80 కిలోమీటర్ల సైకిల్ దారులను ఒకదానికొకటి కలిసేలా ఒక్క ఊపున వేసింది. కొన్నేళ్లలోనే అక్కడ సైకిల్ ప్రయాణాలు అనేక రెట్లు పెరిగాయి. వాతావరణం మారలేదు, రోడ్డు మారింది.

సైకిల్ దారి ఎక్కడ వేస్తున్నామన్నది చాలా ముఖ్యం. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల దారి ప్రారంభించారు. పైన సోలార్ పలకలతో కప్పు, వెడల్పైన బాట, చూడముచ్చటగా ఉంది. కానీ చాలామంది సైకిల్‌ను కారుకు కట్టి తీసుకెళ్లి, అక్కడ దింపి, తొక్కి, మళ్లీ కారులో ఇంటికి వస్తారు. వ్యాయామానికి అది గొప్ప ఏర్పాటు, ఉద్యోగానికి వెళ్లేవారికి దానితో పనిలేదు. మన బీచ్ రోడ్డు మీద అలాంటిదే మరొకటి కడితే బాగుంటుందన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి ఆ డబ్బును కంచరపాలెం, మర్రిపాలెం, గాజువాక వైపు మళ్లించండి. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడక కోసం వాహనాలు ఆపుతున్నారు కాబట్టి, తలచుకుంటే యంత్రాంగం కారును ఆపగలదని రుజువైంది. ఆ చిత్తశుద్ధి పని ప్రయాణాలకూ కావాలి.

ఇప్పుడు అసలు అవకాశం గురించి చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించిన మెట్రో తొలి దశలో మూడు కారిడార్లు ఉన్నాయి, మొత్తం 46.23 కిలోమీటర్లు, అంచనా వ్యయం పదకొండు వేల కోట్లకు పైనే. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా ఒకటి. మిగతా రెండిటి పొడవు చూడండి. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు 5.08 కిలోమీటర్లు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు 6.75 కిలోమీటర్లు. సాదా సైకిల్ మీద, నింపాదిగా తొక్కితే ఇరవై నుంచి ముప్పై నిమిషాల దూరం! మెట్రో వద్దనడం లేదు, రావాలి. కానీ ఈ ఊరి రోజువారీ ప్రయాణాల్లో ఎన్నో సైకిల్‌కు అందే దూరంలోనే ఉన్నాయని ఆ పటమే చెబుతోంది. పైగా స్టేషన్ దిగిన మనిషి ఇంటికి చేరడం ఎలా? అక్కడా జవాబు సైకిలే. ఒక కారు నిలిపే జాగాలో పది సైకిళ్లు పెట్టవచ్చు. ప్రతి స్టేషన్ కింద నీడ, కాపలా ఉన్న సైకిల్ స్టాండుకు ఇప్పుడే చోటు గీయాలి, కట్టాక వెతికితే దొరకదు.

ఇంకొకటి. అనకాపల్లి, ఆనందపురం మధ్య ఆరు వరుసల రహదారి వచ్చాక, ఊరి గుండా దూరప్రాంతాలకు సాగే లారీలు అటు మళ్లే వీలు కలిగింది. పేరుకు జాతీయ రహదారి అయినా గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ మీదుగా వెళ్లే ఆ రోడ్డు నేడు మన ఊరి వీధి. స్టీల్ ప్లాంట్, కొమ్మాది మెట్రో కోసం దాన్ని ఎలాగూ తవ్వుతారు, ఎలాగూ తిరిగి వేస్తారు. తిరిగి వేసేటప్పుడు ఇరువైపులా గట్టు కట్టి వేరు చేసిన సైకిల్ దారి ఇవ్వడానికి అయ్యే అదనపు ఖర్చు మొత్తం ప్రాజెక్టులో లెక్కకు రాదు. రంగు గీత సరిపోదు, గీత మీద ఆటో ఆగుతుంది, కారు నిలుస్తుంది. గట్టు కావాలి. ఈ తరుణం చేజారితే మరో ముప్పై ఏళ్లు ఆ రోడ్డును ఎవరూ ముట్టుకోరు. బస్సుల కోసం పెందుర్తి, సింహాచలం కారిడార్లు కట్టి, అనుకున్న బస్సు వ్యవస్థను పూర్తిగా నడపలేకపోయిన అనుభవం మనకు ఉంది. ఆ రోడ్ల వెడల్పు ఇంకా మన చేతిలోనే ఉంది.

గాలి మాట కూడా చెప్పుకోవాలి. ఇటు కైలాస కొండలు, అటు యారాడ కొండలు, మధ్యలో గిన్నెలా కూర్చున్న ఊరు ఇది. పోర్టు ధూళి, పరిశ్రమల పొగ, వాహనాల పొగ ఇక్కడే సుళ్లు తిరుగుతాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ ఉంది. ఆ గాలిని అందరికంటే ఎక్కువ లోపలికి పీల్చేది సైకిల్ తొక్కేవాడే. ఆ పొగలో ఆయన వాటా సున్నా.

ఇక్కడ సైకిల్‌ను దాటి ఆలోచించాలి. రోడ్డు ప్రజల ఉమ్మడి ఆస్తి. చెరువును, శ్మశానాన్ని ఆక్రమిస్తే గగ్గోలు పెడతాం. కాలిబాటను కారు ఆక్రమిస్తే పార్కింగ్ సమస్య అంటాం. మత్స్యకారుల తీరం, పేదల బస్తీ, తోపుడుబండి నిలిచే మూల, సైకిల్ వెళ్లే అంచు, ఒక్కొక్కటిగా కుంచించుకుపోయిన ఈ జాగాలన్నీ నోరులేనివారివే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 138 (1ఎ) ప్రకారం పాదచారుల కోసం, మోటారు లేని వాహనాల కోసం రాష్ట్రాలు నిబంధనలు చేయవచ్చు. ఆ పని చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది, ఆరు నెలల గడువు పెట్టింది. అలాంటి నిబంధనలను నాలుగు గోడల మధ్య ఇంగ్లిష్‌లో రాసి వెబ్‌సైట్‌లో పెడితే సరిపోదు. తెలుగులో అచ్చువేసి పోర్టు గేట్ల దగ్గర, గాజువాక కూడలిలో, పూర్ణా మార్కెట్‌లో, ప్రతి వార్డు సచివాలయంలో ఉంచాలి. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు నిలబడి మాట్లాడగలిగే వేళలో సభలు పెట్టి, రోడ్డులో ఏ మలుపు దగ్గర భయమేస్తుందో వారి నోటితోనే చెప్పించుకుని, ఆ మలుపులను మెట్రో రోడ్ల నమూనాలో దిద్దిన తర్వాతే నగరపాలక సంస్థ జీవీఎంసీ, మెట్రో సంస్థ ఆ నమూనాపై సంతకాలు చేయాలి.