ఓడలో కేబిన్‌కి ఈసీ తీయించారా?

మన జిల్లాల్లో సెంటు స్థలం లేనోడు ఉంటాడేమో గానీ స్థలం ఎట్టా కొనాలో తెలియనోడు మాత్రం ఒక్కడూ ఉండడు. టీ కొట్టు కాడ గ్లాసు చల్లారేలోపల వీధి పోటు ఉందా, వాగు పోరంబోకు కలిసిందా, లింకు డాక్యుమెంట్లు ఉండాయా, స్థలం మీద అప్పూ తాకట్టూ ఉండేదీ లేనిదీ చెప్పే ఈసీ ముప్పై ఏళ్ళకి తీయించావా అని నలుగురు నాలుగు వైపుల నుంచి పట్టుకుంటారు. ఇంత విజ్ఞానం ఉన్న జనం, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, పెద్ద ఓడలో కేబిన్ బుక్ చేసే కాడికి వచ్చేసరికి మాత్రం ఫోన్లో కనపడిన మొదటి బొమ్మ నొక్కేసి డబ్బులు కట్టేస్తుండారు. ఈ ఘోరం మీద ఇంతవరకు ఒక్క అఖిలపక్షం కూడా వెయ్యలేదు కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటుండా.

సంగతేందంటే, మా బావకి ఇందుకూరుపేట కాడ రొయ్యల గుంటలు ఉండాయి, ఈసారి 30 కౌంటుకి, అంటే కిలోకి ముప్పై తూగే రొయ్యలకి, మంచి రేటు పడింది, పడేసరికి మనిషికి సముద్రం మీద ప్రేమ పుట్టింది. ఇంటికి అరగంటలో మైపాడు ఉంది కదా బావా అంటే, "అది ఊరికే వచ్చే సముద్రంరా, డబ్బులు కట్టి చూసేది వేరే" అన్నాడు. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని నాలుగు రాత్రుల్లో మళ్ళీ సింగపూర్‌లో దిగేది. అల్లుడు ఓడ ప్లాను పీడీఎఫ్ పంపిస్తే ట్రంక్ రోడ్డులో జిరాక్స్ షాపుకి పోయి అంతస్తుకో పెద్ద షీటు లెక్కన ప్రింటు తీయించి, డైనింగ్ టేబుల్ మీద పరిచి, వెంచర్ లేఅవుట్ చూసినట్టు బోర్లా పడుకుని చూశాడు. కారం దోసె నూనె చుక్క తొమ్మిదో అంతస్తు మీద పడితే, ఆ మరకలో ఉన్న మూడు కేబిన్లూ మనకి అచ్చిరావని అక్క అక్కడికక్కడే కొట్టేసింది. ఒక కంపెనీ నావల్ ఇంజనీర్లని పెట్టి గీయించుకున్న ప్లాను, మా ఇంట్లో ఎర్రకారానికి బలైంది.

బావ మొదట అడిగిన ప్రశ్న, గజం ఎంత పడుద్ది? అల్లుడికి అర్థం కాలేదు గానీ నాకు అయింది. కిటికీ లేని లోపలి కేబిన్ సుమారుగా 150 నుంచి 180 చదరపు అడుగులు, అంటే 17 నుంచి 20 గజాలు, అందులోనే మంచం, బీరువా, బాత్రూము, మొగుడూ పెళ్ళాం, వాళ్ళ మధ్య మనస్పర్థలు. దానికి కిటికీ పెడితే ఒక రేటు, బాల్కనీ పెడితే ఇంకో రేటు, సూట్ అంటే మూడెకరాల పంట. నాలుగు రోజుల తర్వాత రిజిస్ట్రేషన్ కూడా చెయ్యకుండా దింపేస్తారు. బావ కాలిక్యులేటర్ కింద పెట్టి కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు.

ఇంక కుదుపు విషయం. దీనికి పుస్తకాలు అక్కర్లేదు, నెల్లూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో వెనక చక్రం మీది సీట్లో ఒక్కసారి కూర్చున్నోడికి ఓడ శాస్త్రం మొత్తం తెలిసినట్టే. ముందూ వెనకా ఎగిరెగిరి పడతాయి, నడిమధ్యలో తక్కువ. పైకి పోయేకొద్దీ ఊపు ఎక్కువ, కొబ్బరి చెట్టుకి మొదలు కదలదు, మట్టలు ఊగిపోతాయి, అంతే. కాబట్టి కడుపులో తిప్పేవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోవాల. 1912లో టైటానిక్ కట్టినోళ్ళకి కూడా ఈ బస్సు జ్ఞానం ఉంది, ఫస్ట్ క్లాసు కేబిన్లన్నీ నడుమ పెట్టి మూడో తరగతి వాళ్ళని మూతికీ తోకకీ తోశారు. అది 269 మీటర్ల ఓడ. 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 365 మీటర్లు, 20 అంతస్తులు, గదికి ఇద్దరి లెక్కన చూసుకున్నా 5,600 మంది. అంత ఓడలో తోక కాడ గది తీసుకుని మూతి కాడుండే హాల్లో నాటకం చూడాలంటే బయల్దేరేటప్పుడు కారియర్ కట్టుకోవాల్సిందే. అయితే విచిత్రం చూడండి, ఖరీదైన గదులు చాలా వరకు పైనే పెడతారు, అంటే డబ్బులు ఎక్కువ కట్టినోడికే ఊపు ఎక్కువ. ఇది తెలిసి కూడా బావ పన్నెండో అంతస్తులో బాల్కనీ కావాలన్నాడు, ఎందుకంటే వియ్యంకుడు పోయినసారి పదకొండులో ఉన్నాడు.

మైపాడులో మాకు చేపలిచ్చే ఆయన్ని కూడా అడిగాం, పెద్దాయన, నలభై ఏళ్ళుగా వేటకి పోతుండాడు, పడవలో యాడ కూర్చుంటే బాగుంటుంది అని. "నేను ఎనక కూర్చుంటా సామే, ఇంజిన్ ఆడ ఉంది గదా" అన్నాడు. నిపుణుల అభిప్రాయం కింద దాన్ని కూడా నమోదు చేసుకున్నాం.

వాస్తు లేకుండా ఎట్టా? సిద్ధాంతి గారు ముందు నవ్వుతారేమో అనుకున్నా, ఆయన నవ్వలా. ఓడ గంటకో దిక్కుకి తిరుగుద్ది కదండీ, పొద్దున ఈశాన్యంలో ఉన్న మంచం మధ్యాహ్నానికి నైరుతికి పోద్ది, ఎట్టా అని నేనంటే, ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఓడ కట్టిన యార్డులో దాని మూతి ఏ దిక్కుకి పెట్టి కట్టారో కనుక్కో, అదే జన్మ దిక్కు" అన్నాడు. ఈ మాటకి జవాబు ఏ కంపెనీ కస్టమర్ కేర్‌లోనూ దొరకదు, అల్లుడు ప్రయత్నించాడు, అవతలి అమ్మాయి ఫోన్ పెట్టేసింది. పైగా మనల్ని అంటారు గానీ చాలా ఓడల్లో 13వ అంతస్తే ఉండదు, 12 తర్వాత నేరుగా 14, ఇటలీ వాళ్ళకేమో 17 పడదు. మా అక్క గది నంబర్లోని అంకెలు కూడితే 8 రాకూడదు అంటే మాత్రం మూఢనమ్మకం.

బావ వాళ్ళమ్మ, మేమందరం అత్త అనే పిలుస్తాం, ఈ చర్చల్లో ఒక్కరోజు కూడా కలగజేసుకోలేదు. చివర్లో మాత్రం, "నాకూ పాపకీ అన్నిటికన్నా చవకది తియ్యి నాయనా, నీళ్ళు చూడటానికి నాకు డబ్బులెందుకు" అంది. అట్టాంటి వాటికి గ్యారంటీ కేబిన్ అని పేరు. పేరు చూసి మోసపోకండి, గది ఉంటుందని గ్యారంటీ, యాడ ఉంటుందో గ్యారంటీ లేదు, అది కంపెనీ ఇష్టం. మన ఇళ్ళ స్థలాల పట్టా లాంటిదే, కాగితం చేతిలో ఉంటది, స్థలం చెరువులో ఉందా శ్మశానం పక్కన ఉందా అనేది తర్వాత తెలుస్తుంది. తల్లికి అట్టాంటిది తీశాడని అక్క బావని మూడు రోజులు సాధించింది. నాకు రెండో అంతస్తులో, బాగా ముందు వైపు, గుండ్రటి అద్దం ఉన్న గది వచ్చింది, కింద ఉంది కాబట్టి ఊపు తక్కువ అని నేను లోపల్లోపల మురిసిపోయా.

ఎక్కిన రోజు అందరం వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర మింగి, ఒక్కో చేతిలో గూడూరు నిమ్మకాయ పట్టుకుని, ఎప్పుడు కుదిపితే అప్పుడు వాసన చూద్దామని తయారుగా కూర్చున్నాం. ఓడ కదల్లా. కదిలింది గానీ కదిలినట్టు తెలియలా. మలక్కా జలసంధి అటు మలేషియా ఇటు సుమత్రా మధ్యలో ఇరుక్కున్న నీళ్ళు, ఆ నాలుగు రోజులూ మా స్వర్ణాల చెరువే దానికన్నా నయం, రొట్టెల పండక్కి జనం దిగితే అదన్నా కాస్త కదులుద్ది. ఓడకి రెండు పక్కలా నీళ్ళలో చేప రెక్కల్లాంటివి ఉంటాయి, పక్కలకి ఊగకుండా అవి ఆపుతాయి, వాటికి కూడా పని లేదు. పన్నెండు రోజులు మేం కొట్టుకున్నది దేనికోసమో అది రానేలేదు. వచ్చింది వేరేది.

బావ బాల్కనీ గది నెత్తి మీద స్విమ్మింగ్ పూల్ అంతస్తు. రాత్రి ఒంటిగంట దాకా పైన డీజే, అది ఆగాక పడుకుంటే తెల్లారి అయిదుకల్లా నేల కడిగి, వందల కుర్చీలు ఒక్కొక్కటీ ఈడ్చి వరసలో పెట్టే కార్యక్రమం. ఇనప కప్పు మీద కుర్చీ కాళ్ళు గీసుకునే చప్పుడు ఎట్టా ఉంటదంటే, పళ్ళ డాక్టరు మన పంటిని కాకుండా మన తలని గీకుతున్నట్టు. రెండో రోజు పొద్దున కళ్ళు చింతనిప్పుల్లా పెట్టుకుని బాల్కనీలో కూర్చుని "గాలి బాగుంది" అన్నాడు. అంతకు మించి ఏమన్నా అక్క ముందు పరువు పోద్ది.

కావలి నుంచి వచ్చిన బావ ఫ్రెండుకి సముద్రం కనపడే గది. తెర పక్కకి లాగితే అద్దం నిండా కాషాయం రంగు లైఫ్‌బోటు, దాని పొట్ట మీద ఎంతమంది పడతారో తెల్ల అంకెలు. పాపం ఆయన నాలుగు రోజులూ ఆ అంకెలే చూశాడు. ఇట్టాంటి గదుల్ని 'చూపుకి అడ్డం ఉంది' అని ప్లానులో చిన్న గుర్తుతో రాసే అమ్ముతారు, ఆ గుర్తేందో మేం చూడలా, మేం ఈశాన్యం వెతుకుతుండాం.

ఇక నా గది. ఫుకెట్‌లో మా ఓడ ఒడ్డుకి ఆనలేదు, కాస్త దూరంలో లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దింపారు. ఆ లంగరు గొలుసు ఉండే చోటు నా తలగడకి బాగా దగ్గర అనే సంగతి తెల్లవారుజామున తెలిసింది. కృష్ణపట్నంలో గూడ్సు బండి మొత్తం బొగ్గుని ఒకేసారి నా చెవిలో దించినట్టయింది. లేచి చొక్కా కూడా లేకుండా బయటికి పరిగెత్తి, యాడికి పోవాలో తెలియక నిలబడ్డా. కార్పెట్ మీద చేప బొమ్మలు ఉండాయి, తలలన్నీ ఓడ మూతి వైపే చూస్తుండాయి, దారి తప్పినోళ్ళు దిక్కు తెలుసుకోవడానికి కొన్ని ఓడల్లో అట్టా వేస్తారంట. నెల్లూరోడిని, జన్మలో మొదటిసారి చేపని దారి అడిగా.

అత్త గది ఆరో అంతస్తు, నట్టనడుమ, పైనా కేబిన్లే, కిందా కేబిన్లే, పక్క గదికి తలుపు కూడా లేదు, లిఫ్టు నాలుగడుగులు. కంపెనీ ఎవరూ కొనకుండా మిగిలిందని పడేసిన గది. యాభై ఏళ్ళుగా నాలుగింటికి లేచి వాకిలి చిమ్మి ముగ్గేసే మనిషి, కిటికీ లేని ఆ చీకట్లో తెల్లారిందో లేదో తెలియక తొమ్మిదిన్నరకి లేచి, "ఎవురూ లేపలేదేందిరా" అని కంగారుగా వచ్చింది. మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టుంది. మేం ముగ్గురం ఆమె వంక చూసిన చూపులో భక్తి లేదు.

కాబట్టి ఓడ కంపెనీలకి నా డిమాండ్ ఏందంటే, ప్రతి కేబిన్‌కీ ఈసీ ఇవ్వాలి. నెత్తి మీద ఏముంది, కాళ్ళ కింద ఏముంది, గోడ అవతల ఎవరి గురక, లంగరు ఎంత దూరం, డీజే ఎన్నింటికి ఆగుద్ది, సబ్ రిజిస్ట్రార్ సంతకంతో స్టాంపు కాగితం మీద. ఇంతలో బావ అప్పుడే ఇంకోదానికి దిగాడు, చెన్నై నుంచి విశాఖకి కూడా అప్పుడప్పుడు ఓడలు తిరుగుతుండాయి కదా, 2023లో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా పెట్టారు కదా, ఎడంపక్క గది తీసుకుంటే కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం వరసగా మన ముందు నుంచే పోతాయి అంటుండాడు. అవన్నీ పోయేది చీకట్లో, అదీ ఒడ్డుకి దూరంగా అని ఎవరూ చెప్పలేదు, చెప్పేది కూడా లేదు, ప్లాను ప్రింటు తీయించడానికి జిరాక్స్ షాపుకి పోయుండాడు.

అత్త మాత్రం రానంది. ఆమెకి ఓడతో పని అయిపోయింది. ఇంటికొచ్చిన రెండో రోజే వడ్రంగిని పిలిపించి పడగ్గదిలో తూర్పు కిటికీకి అట్ట కొట్టించింది, సందుల్లో పాత చీర ముక్కలు కుక్కించింది. ఆ తూర్పు కిటికీ కోసమే బావ ఆ ఇంటికి నాలుగు లక్షలు ఎక్కువ పెట్టాడు.