గెలీనా వెళ్లి గ్రాంట్ ఇల్లు చూడకుండా వచ్చేస్తారా?

అక్టోబర్ రాగానే షికాగోలో మనవాళ్లు ఇల్లినాయ్ రాష్ట్రంలోనే ఉన్న చిన్న ఊరు గెలీనాకి కార్లు తీస్తారు. మూడు గంటల డ్రైవ్. మెయిన్ స్ట్రీట్‌లో ఫోటోలు, ఫడ్జ్ మిఠాయి, ఎర్రబడిన చెట్లు, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. నది అవతల, అమెరికా అధ్యక్షుడిగా చేసిన గ్రాంట్ ఇంటికి వెళ్లారా అంటే "పాత ఇల్లేగా, ఏముంటుంది?" అంటారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఏముందో చెప్తాను. 1860లో యులిసిస్ గ్రాంట్ భార్యనీ నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చాడు. సైన్యం వదిలేశాడు, వ్యవసాయం కలిసిరాలేదు. 38 ఏళ్ల వయసులో తండ్రిగారి తోళ్ల దుకాణంలో తమ్ముళ్లతో పాటు పనికి కుదిరాడు. మరుసటి ఏడాదే అమెరికా అంతర్యుద్ధం. 1865 ఆగస్టులో గెలిచిన సేనాధిపతిగా తిరిగొస్తే ఊరివాళ్లు ఈ ఇటుక ఇంటిని కానుకగా ఇచ్చారు. 1868లో అధ్యక్షుడిగా గెలిచిన కబురు అందిందీ ఈ ఊళ్లోనే, స్నేహితుడు వాష్‌బర్న్ ఇంట్లో. ఆ ఇల్లూ ఉంది.

నిరుడు నాన్నగారిని తీసుకెళ్లాను. నయాగరా దగ్గర పది నిమిషాలకే "ఇక పోదామా" అన్న మనిషి, ఇక్కడ గ్రాంట్ భోజనాల గది ముందు కదల్లేదు. అప్పుల్లో మునిగి బాబాయి కొట్టులో పద్దులు రాసిన రోజులున్నాయి నాన్నగారికి. "ఈయన కూడా కొట్టులో కూర్చున్నాడా?" అని రెండుసార్లు అడిగారు.

సీసం గనుల మీద బతికిన ఊరిది. నది పూడిపోయి, స్టీమర్లు ఆగి, గనులు తగ్గాక డబ్బు పోయింది. పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేకనే ఈ ఇళ్లు మిగిలాయి. ఇప్పుడు జనాభా మూడు వేల పైచిలుకు.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపముంది. తెల్లవాళ్ల కంటే ముందు ఇక్కడ సీసం తవ్వింది మెస్క్వాకీ, సాక్, హో-చంక్ అనే ఆదివాసీ తెగల ప్రజలు. 1820లలో నల్లజాతి బానిసల చేత కూడా గనుల్లో పని చేయించారు. వాళ్ల ఇళ్లు మిగల్లేదు. కుర్చీల గురించి, కర్టెన్ల గురించి చెప్పినంత సేపు వాళ్ల గురించీ చెప్పాలి. గైడ్ చెప్పకపోతే మనం అడగాలి. నేను అడిగాను, ఓపిగ్గా చెప్పారు.

ఫడ్జ్ కొనుక్కోండి, కాదనను. ముందు వంతెన దాటండి. అమ్మానాన్నలకి ఇంగ్లీషు రాదని బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. పక్కనే నిలబడి, గైడ్ చెప్పే ప్రతి మాటా తెలుగులో చెప్పండి.