సవరణ: స్లిప్, స్లైడ్ తారుమారయ్యాయి

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ట్రిమ్మింగ్ (క్లిప్‌ల కట్‌లను సరిచేయడం) గురించి ఇంతకుముందు రాసినదాంట్లో ‘వై కీ నొక్కి లాగితే క్లిప్ టైమ్‌లైన్‌లో (క్లిప్‌లను వరుసగా పేర్చే చోట) పక్కకు జరుగుతుంది’ అన్నాం. అది తప్పు. అలా జరిపేది యూ కీ, అంటే స్లైడ్ టూల్. వై కీ స్లిప్ టూల్‌ది.

స్లిప్‌లో క్లిప్ చోటు, నిడివి మారవు. లోపల కనిపించే భాగమే మారుతుంది. 5 సెకన్ల తాళి షాట్‌లో ముడి పడకముందే కట్ అయిపోతోందనుకోండి. వై నొక్కి ఎడమకు 12 ఫ్రేములు లాగండి: ఇన్, అవుట్ (క్లిప్ మొదలయ్యే, ముగిసే చోట్లు) రెండూ 12 ఫ్రేములు ముందుకెళ్లి, తర్వాతి దృశ్యం వస్తుంది. ఎడమకు లాగితే తర్వాతిది రావడం మొదట్లో అందరికీ తికమకే. లింకై ఉన్న ఆడియో కూడా వెంట జరుగుతుంది. వీడియో ఒక్కటే జరగాలంటే విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని లాగాలి.

స్లైడ్‌లో ఆ షాట్ లోపలి భాగం, నిడివి అలాగే ఉండి, చోటు మాత్రం మారుతుంది; దాంతో ముందు క్లిప్ చివర, తర్వాతి క్లిప్ మొదలు మారతాయి.

లాగినా కదలడం లేదా? కట్ చేసిన చోటుకి అవతల ఫుటేజీ మిగల్లేదన్నమాట. స్లిప్‌కైతే అది అదే క్లిప్‌లో ఉండాలి, స్లైడ్‌కైతే పక్క క్లిప్‌లో. మిగతా ట్రిమ్మింగ్ టూల్స్ రిపుల్ (బి కీ), రోలింగ్ (ఎన్ కీ) గురించి ఇంతకుముందు రాసినవి సరైనవే.