డిసెంబరులో చెన్నై వద్దంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

వారం రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ మా బంధువుల గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. "చలికాలం సెలవులకి కుటుంబంతో చెన్నై వెళ్తున్నారా? ఆగండి" అని మొదలవుతుంది. డిసెంబరంతా తుఫానులట. వాన లేని రోజున ఉక్కట. నాలుగు నెలల ముందే బుక్ చేయకపోతే రైళ్ళు దొరకవట. తెలుగులో మాట్లాడితే పలికేవాళ్ళు ఉండరట. కచేరీలు డబ్బున్నవాళ్ళకేనట. ఎక్కడికి వెళ్ళినా గేట్లు మూసే ఉంటాయట. తప్పనిసరై వెళ్తే ఒక సాయంత్రం మెరీనాలో పిల్లల్ని అలల్లో ఆడించి, రాత్రికే బండెక్కెయ్యాలట.

తెనాలి నుంచి మా వదిన అది నాకు పంపి, "టికెట్లు క్యాన్సిల్ చేసేద్దామా?" అని అడిగింది. నేను చెన్నైలో ఉండబట్టి ఇరవై రెండేళ్ళు. ఏటా ఈ రోజుల్లో మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

చివరి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ప్రాణాల మీదికి తెచ్చేది. పిల్లల్ని మెరీనాలో అలల్లోకి దించకండి. అక్కడ ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, నీళ్ళు లోపలికి గట్టిగా లాగుతాయి. ఈశాన్య గాలులు వీచే ఈ నెలల్లో సముద్రం ఇంకా పోటు మీద ఉంటుంది. మోకాలి లోతే కదా అని నిలబడితే, వెనక్కి వెళ్ళే అల పాదాల కింది ఇసుకను తోడేస్తుంది. కాలు కూడదీసుకునే లోపు రెండో అల నడుము దాకా వచ్చేస్తుంది. స్నానం చేయొద్దని బోర్డులున్నాయి, పోలీసులు విజిల్ వేసి మరీ వెనక్కి పిలుస్తుంటారు. అయినా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరి పిల్లలు పోతూనే ఉన్నారు. ఇసుకలో కూర్చోండి, వేడి వేడి సుండల్ (మన శనగ గుగ్గిళ్ళలాంటిది) పొట్లం కొనుక్కోండి, గాలిపటం ఎగరేయించండి. సాయంత్రానికి అది చాలు. ఈ ఒక్క సలహా రాసినందుకైనా ఆ మెసేజ్‌ని ఎవరూ ముందుకు పంపకూడదు.

"డిసెంబరంతా తుఫానులే" అన్నదాంట్లో సగం నిజముంది. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ మూడు నెలల్లోనే పడుతుంది. 2015 వరదలను ఇక్కడున్న వాళ్ళెవరమూ మరిచిపోలేం. కానీ తేదీలు చూడండి. ఊరు మునిగింది 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో. వర్దా తుఫాను వచ్చింది 2016 డిసెంబరు 12న. మిచౌంగ్ వాన ముంచెత్తింది 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో. మూడూ నెల మొదటి సగంలోనే. ఇరవయ్యో తేదీ దాటాక వానలు బాగా తగ్గుతాయి, జనవరి దాదాపు పొడిగానే గడుస్తుంది. అలాగని పూచీ ఇవ్వలేను. 2011లో థానే తుఫాను డిసెంబరు 30న కడలూరు దగ్గర తీరం దాటింది. కాబట్టి ప్రయాణం డిసెంబరు 20 తర్వాత పెట్టుకుని, బయల్దేరే ముందు నాలుగైదు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుంటే సరిపోతుంది. నెల మొత్తాన్ని కొట్టిపారేయక్కర్లేదు.

ఉక్క సంగతి. మధ్యాహ్నం 29, 30 డిగ్రీలు, తెల్లవారుజామున 21, 22. స్వెట్టర్ వేసుకునే చలి ఎలాగూ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకి ఈ వాతావరణమే హాయి. తిరుగుళ్ళు పొద్దున పదకొండు లోపు, మళ్ళీ నాలుగు తర్వాత పెట్టుకోండి.

రైళ్ళ గురించి రాసింది పాత లెక్క. రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచే పద్ధతి 2024 నవంబరు 1తో పోయింది, ఇప్పుడు 60 రోజులే. మనవైపు నుంచి పినాకినిలాంటి పగటి బండ్లున్నాయి, 2023 సెప్టెంబరు నుంచి విజయవాడ వందే భారత్ కూడా నడుస్తోంది. అసలు టెన్షన్ సంక్రాంతి ముందు రోజులది. జనవరి పది తర్వాత తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మాత్రం బెర్తు దొరకడం కష్టమే.

"ఎక్కడికి వెళ్ళినా గేట్లు మూసే ఉంటాయి." ఇది రాసినవాళ్ళు వారాలు చూసుకోకుండా తిరిగి ఉంటారు. ఒక ఏడాది నేనూ అలాగే పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి, మూసిన గేటు ముందు నిలబడ్డాను. ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. గిండీ పిల్లల పార్కుకి, పక్కనే ఉన్న పాముల పార్కుకి, వండలూరు జూకి మంగళవారం. మహాబలిపురం దారిలోని మొసళ్ళ పార్కుకి సోమవారం. ఈ మూడు వారాలు గుర్తుపెట్టుకుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే.

మ్యూజియం గురించి ఇంకొంచెం చెప్పాలి. 1851లో పెట్టిన ఆ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. కిందటిసారి మా మేనకోడల్ని గుండ్రటి ఫలకం ఒకదాని ముందు నిలబెట్టాను. ఎడమవైపు నలగిరి అనే ఏనుగు మదమెక్కి వీధిలోకి దూసుకొస్తుంటుంది. తొండంతో ఒక మనిషిని పట్టుకుని ఉంటుంది, జనం హడలిపోతుంటారు. అదే ఫలకంలో కుడివైపు ఆ ఏనుగే బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తుంటారు. "అత్తా, ఏనుగులు రెండా, ఒకటేనా?" అని అడిగింది. ఒకటేనని, మొదట జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే రాతిలో చెక్కారని చెప్పాను. ఇది మన పల్నాటి రాయి అన్నాక దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది. తెనాలి పిల్ల తన ఊరికి అంత దగ్గరి శిల్పాన్ని మొదటిసారి చూసింది చెన్నైలో. సెంట్రల్‌లో మెట్రో ఎక్కితే ఎగ్మూరు ఒక్క స్టేషనే, అక్కడి నుంచి ఆటో.

ఇక తెలుగు. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, మన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. అందులోని పానగల్ పార్కు, ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా చేసిన మన పానగల్ రాజా పేరు. మైలాపూరు లజ్‌లో ఉన్న పార్కు ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారిది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న కన్నుమూసింది ఈ ఊళ్ళోనే, రాయపేట హైరోడ్డులో ఆయన స్మారక మందిరం ఉంది. టీ నగర్ చీరల కొట్లలో మీరు నోరు తెరవగానే "రండమ్మా, పట్టా, కాటనా?" అని తెలుగులోనే అడుగుతారు. కొందరు ఆటోవాళ్ళతో ఇబ్బంది ఉంటుంది, నిజమే. యాప్‌లో ధర చూసుకుని ఎక్కితే ఆ గొడవ ఉండదు.

కచేరీలు డబ్బున్నవాళ్ళకే అన్న మాటకి నిజంగా బాధేసింది. 1927లో మద్రాసు కాంగ్రెస్ సభతో పాటు జరిగిన సంగీత సదస్సు నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఇప్పుడు మార్గళి మాసం, అంటే మన ధనుర్మాసం వస్తే మైలాపూరు చుట్టుపక్కల ఎన్నో సభలు (కచేరీలు పెట్టే సంస్థలు). టికెట్ పెట్టేది ఎక్కువగా సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీలకి. చాలా సభల్లో పొద్దున, మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు, నేరుగా వెళ్ళి కూర్చోవచ్చు. పాడేది ఇరవై, పాతికేళ్ళ పిల్లలు, ప్రాణం పెట్టి పాడతారు.

రెండేళ్ళ కింద అమ్మని అలా ఒక మధ్యాహ్నం తీసుకెళ్ళాను. హాల్లో ముప్పై మంది కూడా లేరు. తమిళ అమ్మాయి త్యాగరాజ కీర్తన ఎత్తుకుంది. అమ్మ మొదట ఒడిలో వేళ్ళతో తాళం లెక్కపెట్టింది, చరణానికి వచ్చేసరికి పెదవులు కదిలాయి. పక్కసీటులోని పెద్దావిడ, ఇక్కడి మాటలో మామీ, అది చూసి తమిళంలో, "ఈ మాటకి అర్థమేంటి?" అని అడిగింది. నేను నడుమ ఉండి చెప్పబోయేలోపే అమ్మ చేతులతో, వచ్చిన రెండు తమిళం ముక్కలతో తనే చెప్పేసింది. తర్వాత ఇద్దరూ కలిసి క్యాంటీన్‌కి వెళ్ళి అరిటాకులో భోంచేశారు. మామీ కొసరి కొసరి అక్కారవడిసల్ (పాలు, బెల్లం పోసి వండే తీపి పొంగలి) వడ్డించమంది. మామీ ఫోను నంబరు అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది.

మెసేజ్‌లో లేని కష్టాలు నేను చెప్తాను. పండక్కి ముందు వారాంతాల్లో టీ నగర్ రంగనాథన్ వీధిలో కాలు పెట్టడం కష్టం, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. రెండో దశ మెట్రో పనుల వల్ల కొన్ని రోడ్లు మళ్ళించారు, దూరానికి గంట అదనంగా వేసుకోండి. వైకుంఠ ఏకాదశి నాడు తిరువల్లిక్కేణి పార్థసారథి గుడికి పెద్దవాళ్ళతో వెళ్ళకండి, మర్నాడు వెళ్ళండి.

వదినకి ఇదంతా ఫోన్లోనే చెప్పాను. 22న బయల్దేరుతున్నారు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, ఈసారీ మధ్యాహ్నం కచేరీకే వెళ్దామా అని. మామీకి అప్పుడే ఫోన్ చేసిందట.