డాలర్ గుర్రం, పౌండ్ల దాణా

డాలస్‌లో ఉన్న మా బావమరిది బ్రిటన్‌లో ఉన్న నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకే కారు, ఫోర్డ్ వాళ్ళ మస్టాంగ్ సంగతి ఎత్తుతాడు. "బావా, ఇక్కడ మస్టాంగ్ జీటీ నలభై రెండు వేలు. మీ దగ్గర యాభై అయిదు వేలట కదా, అదీ పౌండ్లలో! మిమ్మల్ని నిలువునా దోచేస్తున్నారు." నేనూ చాలాకాలం అవునవునంటూ వచ్చాను. పోయిన చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, వాడు చెప్పింది సగమే నిజమని.

2024లో కొత్త మోడల్ వచ్చినప్పటి లెక్క ఇది. అమెరికాలో జీటీ (మస్టాంగ్‌లో పెద్ద ఇంజన్ రకం) ధర 42 వేల డాలర్ల పైచిలుకు. అందులో అమ్మకం పన్ను ఉండదు. టెక్సస్ అయితే బిల్లు వేసేటప్పుడు 6.25 శాతం కలుస్తుంది. ఇక్కడ ధర చీటీ మీద 20 శాతం వ్యాట్ ముందే కలిసి ఉంటుంది. 42,500 డాలర్లను పౌండుకు 1.27 చొప్పున మారిస్తే 33,500 పౌండ్లు. దాని మీద దిగుమతి సుంకం 10 శాతం వేసుకుంటే 36,800. సుంకం కలిశాక వచ్చిన మొత్తం మీద వ్యాట్, అంటే పన్ను మీద పన్ను. 44,200 అయింది. మిచిగాన్‌లోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీ నుంచి ఓడ ఎక్కించి తెచ్చే ఖర్చు ఇంకా వేయలేదు. మనవాళ్ళు 'ఆన్ ద రోడ్' అనే ధరలో మొదటి ఏడాది రోడ్ ట్యాక్స్ కూడా ఉంటుంది. కిలోమీటరుకు 255 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ వదిలే బండికి 2024లో అది 2,745 పౌండ్లు. అలా అలా 47 వేలు.

మిగిలిన ఎనిమిది వేల సంగతేమిటి? కొంత ఓడకు, కొంత సామానుకు. అక్కడ ఎక్స్‌ట్రాగా కొనుక్కోవాల్సినవి చాలావరకు ఇక్కడికి వచ్చే బండిలో బిగించే పంపుతారు. అవన్నీ తీసేసినా ఇంకా కాస్త మిగులుతుంది. అది కంపెనీ ఇష్టం. పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌తో అందుబాటు ధరలో పోటీకి వచ్చే బండి ఈ దేశంలో మరొకటి లేదు, వాళ్ళకు ఆ సంగతి తెలుసు. ఇంత పోసి కొన్నాక వచ్చే బలం కూడా తక్కువే: అక్కడ 480 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ ఇక్కడి పొగ నిబంధనలకు లోబడి 440 దగ్గర ఆగిపోతుంది. నలభై గుర్రాలు అట్లాంటిక్‌లో దిగిపోయాయన్నమాట.

ఇదంతా వివరిస్తే మా బావమరిది, "అయినా ఎక్కువే కదా బావా" అన్నాడు. ఎక్కువే. కాకపోతే నన్ను బాధపెట్టేది డాలస్ ధర కాదు, 2015 నాటి ఇక్కడి ధర.

2015కు ముందు ఇక్కడ మస్టాంగ్ అంటే ఎవరో దిగుమతి చేసి తెచ్చిన ఎడమచేతి స్టీరింగ్ బండి. నా పాత సహోద్యోగి ఒకాయన దగ్గర అలాంటిది ఉండేది. లండన్ శివార్లలోని డార్ట్‌ఫర్డ్ దగ్గర ఇంకా టోల్ బూత్‌లు ఉన్న రోజులవి. బూత్ నా వైపు, పర్సు ఆయన వైపు. నేను కిటికీలోంచి వొంగి చిల్లర ఇస్తుంటే, బూత్‌లో ఉన్నావిడ డ్రైవర్ కోసం నా పక్కకి వెతికి చూసింది. సింగిల్ రోడ్డు మీద లారీ వెనక పడితే మరీ నరకం. ఎదురుగా ఏమొస్తోందో ఆయనకు కనపడదు. "ఖాళీనా? వెళ్ళనా?" అని అడిగేవాడు. ఒకరి ప్రాణానికి అంత సూటిగా పూచీ పడ్డది జీవితంలో అప్పుడే. మస్టాంగ్‌కు పోటీ అయిన షెవర్లే వాళ్ళ కమారో ఇక్కడ అమ్మినన్నాళ్ళూ అలాగే అమ్మారు, స్టీరింగ్ మార్చలేదు. అందుకే ఎవరూ పెద్దగా కొనలేదు. డాడ్జ్ చాలెంజర్ అయితే అధికారికంగా రానే లేదు. కావాలనుకున్నవాడు సొంతంగా తెప్పించుకుని, ఎర్రగా వెలిగే వెనక ఇండికేటర్లను నారింజ రంగుకు మార్పించి, పరీక్ష పాస్ చేయించుకోవాలి.

1964 ఏప్రిల్‌లో పుట్టిన మస్టాంగ్ కుడిచేతి స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ గేటు దాటడానికి యాభై ఏళ్ళు పట్టింది. దాటినప్పుడు మాత్రం బ్రిటన్ ధర చూసి అందరూ రెండుసార్లు కళ్ళు నులుముకున్నారు. 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల బండి 28,995 పౌండ్లు, అయిదు లీటర్ల వీ8 బండి 32,995. దాదాపు అంతే బలమున్న బీఎండబ్ల్యూ ఎం4 అప్పట్లో 56 వేల పైమాటే. మా ఆఫీసు కార్ పార్క్‌లో సగం మంది ముప్ఫై వేలు పెట్టి బూడిద రంగు జర్మన్ డీజిల్ బళ్ళు నడుపుతున్న కాలం. అదే డబ్బుకు ఆ శబ్దం, ఆ పొడవాటి బానెట్! లోపల ప్లాస్టిక్ నాసిరకం, నిజమే. 2017 జనవరిలో యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో రెండే నక్షత్రాలు వచ్చాయి, మార్పులు చేశాక జూలైకి మూడయ్యాయి. వాటి గురించి నాతో పోట్లాడకండి, నేనేం వెనకేసుకు రావడం లేదు. చౌక కనుక జనం సర్దుకున్నారు, అంతే.

ఈ చౌకదనం దగ్గరే నా వాదన అంతా. అమెరికన్ మజిల్ కారు పుట్టిందే దాని మీద. 1964లో పాంటియాక్ వాళ్ళు మామూలు టెంపెస్ట్ కారులో 389 క్యూబిక్ ఇంచుల ఇంజన్ దింపి, జీటీఓ పేరుతో ఆ ప్యాకేజీకి అదనంగా 295 డాలర్లు మాత్రమే అడిగారు. అదే ఏడాది మస్టాంగ్ మొదటి ధర 2,368 డాలర్లు. ఫ్యాక్టరీలో షిఫ్ట్ చేసే కుర్రాడు, టైపిస్టు ఉద్యోగం చేసే అమ్మాయి కొనుక్కోగలిగేలా పెట్టిన ధర. తళుకులు, తోలు సీట్లు, మలుపుల్లో నిలకడ ఏవీ అడక్కు, ఇంజన్ మాత్రం పెద్దది ఇస్తాను అనేదే బేరం. ఆ బేరాన్ని 1970లలో దెబ్బతీసినవి బీమా ప్రీమియాలు, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం. ఇప్పుడు బ్రిటన్‌లో అదే కథ, చమురు సంక్షోభం స్థానంలో ట్రెజరీ, అంటే పన్నులు వేసే ఆర్థికశాఖ, ఉందంతే.

2015 నాటి 33 వేలను ద్రవ్యోల్బణం ప్రకారం 2024కు తెస్తే 44 వేల చుట్టుపక్కలే. అప్పుడు అడిగింది 55. నాలుగు సిలిండర్ల చిన్న బండిని ఇక్కడ ఆపేశారు, కనుక మొదటి మెట్టే లేదు. 2015లో ఒకటిన్నర డాలర్లు దాటి పలికిన పౌండు 2016 జూన్ బ్రెగ్జిట్ రెఫరెండం తర్వాత మళ్ళీ ఆ ఎత్తు చూడలేదు. పైన చెప్పిన మొదటి ఏడాది రోడ్ ట్యాక్స్ 2025 ఏప్రిల్ నుంచి ఒక్కసారిగా రెట్టింపై 5,490 అయింది. అదే పేరు తగిలించుకుని తిరిగే కరెంటు బండి మస్టాంగ్ మాక్-ఈ మీద మొదటి ఏడాదికి పది పౌండ్లు! 2025-26 లెక్కన ఆ తర్వాత ఏటా 195 పౌండ్లు, బండి ధర 40 వేలు దాటింది కనుక మరో 425 అదనం, అయిదేళ్ళపాటు. 'ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా' అంటారు నిజమే కానీ, ఇక్కడ అంకుశమే ఏనుగంత బరువు తూగుతోంది. 2015లో ఎం4 కొనడానికి దాదాపు సరిపోయిన డబ్బు ఇప్పుడు పోసి మస్టాంగ్ కొంటే, నాసిరకం ప్లాస్టిక్‌ను క్షమించడానికి మనకి కారణం ఏం మిగిలింది?

హైదరాబాద్ నుంచి చదివేవాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. 2016లో అక్కడ విడుదల చేసినప్పుడు దీని ధర 65 లక్షలు, ఢిల్లీ ఎక్స్-షోరూమ్. అమెరికా ధరకు మూడింతలు. వాళ్ళ ముందు మనం ఏడవకూడదు.

సరే, ధర పక్కన పెట్టి మోజు సంగతికి వస్తాను. ఉగాది కార్యక్రమానికి మనవాడొకడు కొత్త జీటీ వేసుకొచ్చాడు, నీలం రంగుది. హాలు వెనక కార్ పార్క్‌లో గీతల మధ్య జాగ్రత్తగా వెనక్కి పెట్టాడు. ఇక్కడ మామూలు బే 4.8 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు. ఆ కారు పొడవు సుమారు 4.81. వెనక బంపరు గోడకు ఆనించినంత పని చేసినా ముక్కు కొస గీత మీదే ఉంది. వెడల్పు 1.9 మీటర్లు దాటుతుంది, అటూ ఇటూ కలిపి అర మీటరు కూడా మిగల్లేదు. రెండే తలుపులు, ఒక్కో తలుపూ బీరువా తలుపంత. వెనక సీట్లో వాళ్ళమ్మగారు, పట్టుచీరతో. ఆవిణ్ణి దించడానికి బండిని మళ్ళీ ముందుకు తీసుకొచ్చి దారికి అడ్డంగా ఆపాల్సి వచ్చింది. ఆవిడ దిగి, కొంగు సర్దుకుని, "ఇంత కారు పెట్టి ఇంత సందు పెట్టారేంట్రా" అంది. ఈలోగా పిల్లలంతా చుట్టూ మూగారు. పక్కనే అంతకంటే ఖరీదైన ఎలక్ట్రిక్ బళ్ళు మూడున్నాయి, వాటి వైపు ఒక్కడూ చూడలేదు. వాడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆ గుడగుడ మొదట అరికాళ్ళకు తెలిసింది, తర్వాతే చెవికి. నా వయసు యాభై దాటింది, అయినా అబద్ధం చెప్పను, మెడ వెనక వెంట్రుకలు లేచాయి.

ఆ శబ్దానికి తాళం కూడా ఇచ్చారు. 2018 మోడల్ నుంచి తెల్లవారుజామున చప్పుడు లేకుండా స్టార్ట్ అయ్యేలా టైమ్ పెట్టుకోవచ్చు. దాని పేరే 'మంచి పొరుగువాడు' అని అర్థం వచ్చేలా పెట్టారు. వరసగా అంటుకుని కట్టిన టెర్రస్ ఇళ్ళలో, రెండు గోడల మధ్య బతికేవాళ్ళకు ఇది చాలా అవసరం. యాభై వేలు పెట్టి శబ్దం కొనుక్కుని, దాన్ని నొక్కి పెట్టడానికి మరో బటన్.

కాబట్టి నా మాట వింటే కొత్తది కొనకండి. మోజు తీరాలంటే పాతది చూడండి, అందులోనూ తేదీ చూడండి. 2017 ఏప్రిల్‌కు ముందు రిజిస్టర్ అయిన వీ8కి రోడ్ ట్యాక్స్ కార్బన్ లెక్కనే పడుతుంది, 2025-26లో ఏటా 760 పౌండ్లు. ఆ ఏప్రిల్ 1 నుంచి ఒకటి రెండేళ్ళలో రిజిస్టర్ అయినదైతే, అయిదేళ్ళ అదనం కూడా అయిపోయి ఉంటుంది కనుక, అదే ఏడాది 195 సరిపోయింది. అదే కారు, అదే పొగ, రిజిస్ట్రేషన్ తేదీలో ఒక్క రోజు తేడా. ఎక్కువ పొగ వదిలే పాత బళ్ళ మీద లండన్‌లో వేసే యూలెజ్ రుసుము కూడా ఈ పెట్రోల్ వీ8ని ఏమీ అనదు, మీ పాత డీజిల్ మీద మాత్రం రోజుకు పన్నెండున్నర పౌండ్లు వసూలు చేస్తుంది. బీమా కోట్ మాత్రం బండి చూడ్డానికి వెళ్ళకముందే తీసుకోండి. ఇంట్లో పాతికేళ్ళ లోపు అబ్బాయి ఉంటే వాడి పేరు అందులో ఎక్కించే ఆలోచన కూడా చేయకండి.

నేను మూడు నెలలుగా 2018 బండి ఒకటి వెతుకుతున్నాను. మా ఆవిడ కాదనలేదు. "ఏమండీ, ముందు కొలత వేయండి" అని టేపు చేతికిచ్చింది. డ్రైవ్‌వే గేటు నుంచి గరాజ్ తలుపు వరకు అయిదు మీటర్ల పది. ఆ మోడల్ 4.79. కారు పడుతుంది, కానీ మూడు చెత్త బిన్‌లూ రోడ్డు మీదకు పోవాలి. బుధవారం బిన్ లారీ రోజున ఆవిడ ఈ విషయం మళ్ళీ ఎత్తింది, నేను ఇంకా జవాబు చెప్పలేదు.