భారతీయ పేషెంట్ గురించి ఎవరి మాట చెల్లుతుంది?

డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీని, అంటే వియన్నా డాక్టర్ ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనోవిశ్లేషణ చేసేవాళ్ల సంఘాన్ని, ప్రారంభించినప్పుడు తొలి సభ్యుల్లో ఇద్దరు బ్రిటిష్‌వాళ్లున్నారు. రాంచీలో యూరోపియన్ల మానసిక ఆస్పత్రిని నడిపిన ఓవెన్ బర్క్‌లీ-హిల్ ఒకరు, సైనికాధికారి క్లాడ్ డేలీ ఇంకొకరు. బోస్‌తో ఒకే సంఘంలో ఉన్న ఈ ఇద్దరి రాతలు చదివితే మనసు చివుక్కుమంటుంది.

హిందువుల మతానికీ, తత్వానికీ, స్వభావానికీ మూలం పసితనపు మలవిసర్జన అలవాట్లలో ఉందని బర్క్‌లీ-హిల్ 1921లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ పత్రికలో రాశారు. డేలీ భారత విప్లవకారుల తిరుగుబాటులో మానసిక చిక్కుముళ్లు వెతికారు. పరాయి పాలన మీద కోపం రావడానికి పరాయి పాలనే చాలదా?

బర్క్‌లీ-హిల్‌ది ద్వేషం అనుకుంటే పొరపాటు. ఆయన భార్య మలబారు స్త్రీ. భారతీయ డాక్టర్లతో ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. అంత దగ్గరితనం ఉన్నా, ఒక జాతి మొత్తాన్నీ పేషెంట్‌గా చూసే అలవాటు పోలేదు.

అదే బోస్ 1929లో ఫ్రాయిడ్‌కు ఉత్తరం రాస్తూ, తన భారతీయ పేషెంట్లలో లింగచ్ఛేద భయం (పురుషాంగాన్ని కోల్పోతామన్న భయం, ఫ్రాయిడ్ సిద్ధాంతంలో ఇది కీలకం) యూరోపియన్లలో ఉన్నంత బలంగా కనిపించడం లేదన్నారు. స్త్రీగా ఉండాలన్న కోరిక ఇక్కడి మగవాళ్లలో తేలిగ్గా బయటపడుతోందనీ చెప్పారు. వైద్యం చేస్తూ గమనించిన సంగతులివి. ఫ్రాయిడ్ మర్యాదగానే స్పందించారు కానీ తన సిద్ధాంతాన్ని మార్చుకోలేదు. వియన్నాలో కనిపించింది మనిషి స్వభావంగా నిలిచింది, కలకత్తాలో కనిపించింది భారతీయుల ప్రత్యేకతగా మిగిలింది. బోస్‌నూ ప్రశ్నించాల్సిందే. కలకత్తాలో ఒక డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లే దేశమంతా కాదు.

ఈ తేడా ఇప్పటి కేస్ చర్చల్లోకీ రాగలదు. అమెరికాలో ఉద్యోగం చేస్తూ సగం జీతం అమ్మానాన్నలకు పంపే తెలుగు కుర్రాడిని చూసి, అక్కడి థెరపిస్టు ఇతను ఇంకా ఇంటినుంచి విడివడలేదని రాసుకోవచ్చు. చదువు కోసం చేసిన అప్పు తీరుస్తున్నాడేమో అని ఆ థెరపిస్టుతో పనిచేసే తెలుగు థెరపిస్టు ఒకామె అంటే, "మీ కల్చర్ అంతే కదా" అని దాటేయడం సులువు. ఆమె మాటను వృత్తిపరమైన అభిప్రాయంగానే నోట్స్‌లోకి ఎక్కించాలి. అలాగని "మన ఇళ్లలో ఇది మామూలే" అని ఆమె సర్దిచెప్పినా ఆ కుర్రాడికి అన్యాయమే. డబ్బు పంపకపోతే ఇంట్లో ఏమవుతుంది, పంపినప్పుడు నీకెలా ఉంటుంది అని ముందు అతన్నే అడగాలి.